నెల్లూరు, ప్రకాశం తీరాలకు వచ్చే సముద్ర తాబేళ్లను కాపాడటం ఎలా?

ఏటా సంక్రాంతికి అటూ ఇటూగా మన తీరంలో ఎక్కడో ఒకచోట చచ్చిపోయిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకువస్తాయి. పత్రికల్లో ఫొటో పడుతుంది, నాలుగు రోజులు అందరం అయ్యో అనుకుంటాం, ఐదో రోజుకు మరిచిపోతాం. 2025 జనవరిలో మనకు పొరుగున ఉన్న చెన్నై తీరంలో వందల సంఖ్యలో కళేబరాలు తేలినప్పుడు కూడా జరిగింది ఇదే. ఇవి చాలావరకు ఆలివ్ రిడ్లే జాతికి చెందిన సముద్ర తాబేళ్లు. పెద్దపులికి, ఏనుగుకు ఎంతటి రక్షణ ఉందో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ తాబేలుకూ అంతే రక్షణ ఉంది. అయితే పులిని కాపాడటంలో మామూలు మనిషి చేయగలిగింది తక్కువ. తాబేలు అలా కాదు. అది మన ఊరి ఇసుకలోకే వచ్చి గుడ్లు పెడుతుంది. మన దీపాల వెలుగుకు దారి తప్పుతుంది, మన కుక్కల నోట పడుతుంది, మనం కొనుక్కునే రొయ్యల కోసం వేసిన వలలో చిక్కి చస్తుంది. కాబట్టి దానిని బతికించే పనిలో సగం అటవీశాఖ చేతిలో ఉంటే, మిగతా సగం మైపాడు, కోడూరు, కొత్తపట్నం, పాకల వంటి ఊళ్లలో ఉండేవారి చేతుల్లోనూ, సెలవు రోజున అక్కడికి వెళ్లే మనందరి చేతుల్లోనూ ఉంది.

ఈ పనికి ప్రత్యేకమైన చదువు గాని, పెద్ద ఖర్చు గాని అవసరం లేదు. కావలసినదల్లా ఏ కాలంలో ఏమి జరుగుతుందో తెలిసి ఉండటం, చేయకూడనిది చేయకుండా ఉండటం, చేయవలసినది ఆలస్యం లేకుండా చేయడం. ఆ క్రమంలోనే ఇక్కడ వివరిస్తున్నాను.

1. ముందుగా కాలం తెలుసుకోండి

ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య తీరాల్లో ఈ తాబేళ్లు లక్షల సంఖ్యలో ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. మన తీరంలో అలాంటి సామూహిక దృశ్యం ఉండదు. ఇక్కడ ఒక్కొక్కటిగా, చీకటి పడ్డాక, మనిషి అలికిడి లేని చోటు చూసుకుని వస్తాయి. అందువల్లనే మన తీరంలో ప్రతి గూడూ విలువైనదే అని నేను అనుకుంటాను. పది గూళ్లు పోయినా ఎవరూ గమనించని చోట వాటిని లెక్కపెట్టుకోవలసిన బాధ్యత ఇంకా ఎక్కువ.

నవంబరు, డిసెంబరు నెలల నుంచి తాబేళ్లు తీరానికి దగ్గరగా తిరుగుతాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లు ఉంటాయి. అవి పొదగడానికి ఇసుక వేడిని బట్టి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అంటే మే నెల వరకు పిల్లలు బయటికి వస్తూనే ఉంటాయి. ఇసుక వేడి పిల్లలు ఆడవో మగవో కూడా నిర్ణయిస్తుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ సమంగా పుడితే, వేడి పెరిగేకొద్దీ ఆడపిల్లలే ఎక్కువవుతాయి. గూడు ఉన్న చోటును మార్చడం, దాని మీద నీడ వేయడం వంటివి సొంతంగా చేయకూడదని చెప్పడానికి ఇది ఒక కారణం.

ఈ నెలల్లోనే మనకు సంక్రాంతి, కనుమ, మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలు, శివరాత్రి వస్తాయి. తీరానికి జనం ఎక్కువగా వచ్చే రోజులూ, తాబేలు గుడ్లు పెట్టడానికి వచ్చే రోజులూ ఒకటే. ఇంట్లో క్యాలెండరులో డిసెంబరు నుంచి మే వరకు గుర్తు పెట్టుకోండి. ఆ ఆరు నెలలూ తీరంలో మన నడవడిక వేరుగా ఉండాలి.

2. ఇసుక మీది జాడను గుర్తుపట్టడం నేర్చుకోండి

తెల్లవారుజామున, ఎండ ఎక్కి గాలికి ఇసుక కదలక ముందే తీరం వెంబడి నడిస్తే జాడ స్పష్టంగా కనిపిస్తుంది. నీటి అంచు నుంచి పైకి, మళ్లీ నీటి వైపు కిందికి, ట్రాక్టరు టైరు నడిచిపోయినట్టు అడ్డగీతలతో సుమారు 70 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పున రెండు చారలు ఉంటాయి. ఆలివ్ రిడ్లే ముందు రెక్కలను ఒకటి తరువాత ఒకటిగా వేసి నడుస్తుంది కనుక చారకు కుడివైపున ఉన్న గుర్తూ, ఎడమవైపున ఉన్న గుర్తూ ఒకే వరుసలో ఉండవు, ఒకటి కాస్త ముందుకూ మరొకటి వెనక్కూ ఉంటాయి. ఎక్కిన చార, దిగిన చార కలిసే చోట ఇసుక చెదిరి, ఒకటిన్నర మీటరు మేర తొక్కి చదును చేసినట్టు ఉంటే అక్కడ గూడు ఉండే అవకాశం ఎక్కువ. గుడ్లు పెట్టి, గుంట పూడ్చి, ఆ తరువాత తల్లి తన బొడ్డు చిప్పతో (పొట్ట కింది చిప్పతో) అటూ ఇటూ ఊగుతూ ఇసుకను దట్టించి వెళుతుంది. ఆ ఊపు వల్లనే ఆ చదును ఏర్పడుతుంది. చెదిరిన ఇసుక ఏమీ లేకుండా ఎక్కినట్టే ఎక్కి తిరిగిపోయిన చార ఉంటే, వెలుగుకో, మాటల చప్పుడుకో, కుక్కకో బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగిందని అర్థం. అటువంటి జాడను కూడా నమోదు చేయాలి. ఆ చోట ఏదో అడ్డు ఉందని అది మనకు చెబుతోంది.

గూడు కనబడితే చేయవలసిన పనులు ఇవి. చేతితో గాని, కర్రతో గాని తవ్వి చూడవద్దు. గూటిలోని గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకుకు అంటుకుంటుంది, ఆ తరువాత గుడ్డును తిప్పినా కుదిపినా పిండం చనిపోతుంది. ఫొటో తీయండి, ఫోనులో ఆ చోటు తెలిపే అక్షాంశ రేఖాంశాలను దాచుకోండి, సమయం రాసుకోండి, వెంటనే అటవీశాఖ బీటు అధికారికి గాని, రేంజి కార్యాలయానికి గాని తెలియజేయండి. వారి నంబరు మీ దగ్గర లేకపోతే ఊరి సచివాలయంలో ఉన్న మత్స్య సహాయకుడిని అడిగితే దొరుకుతుంది. ఆ నంబరును సీజను మొదలు కాకముందే తీసి ఉంచుకోవడం మంచిది, ఎందుకంటే తెల్లవారుజామున నాలుగు గంటలకు సచివాలయం తెరిచి ఉండదు. గుడ్లను అక్కడే వదలాలా, కంచె వేసిన హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే చోటుకు) తరలించాలా అనేది అటవీశాఖ వారు, వారి అనుమతితో పనిచేసే సంస్థల వారు మాత్రమే నిర్ణయించాలి. అధికారి వచ్చేవరకు కుక్కలు రాకుండా కాస్త దూరంలో ఒకరు కాపలా ఉంటే చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గూడున్న చోటును వాట్సాప్ గ్రూపుల్లో, ఫేసుబుక్కులో పెట్టవద్దు. ఆ సమాచారం గుడ్లు ఏరుకునేవారికి కూడా చేరుతుంది. చూడటానికి వచ్చే జనం కూడా ఆ గూటిని తొక్కుతారు.

రాత్రిపూట తల్లి ఒడ్డెక్కుతూ కనిపిస్తే కదలకుండా నిలబడిపోండి. టార్చి వేయవద్దు, ఫ్లాష్ వేయవద్దు, ఎదురుగా వెళ్లవద్దు. గుంట తవ్వే వరకు దానికి ఏ చిన్న అలికిడి తగిలినా తిరిగిపోతుంది. గుడ్లు పెట్టడం మొదలైన తరువాత కొంత నిశ్చలంగా ఉంటుంది కదా అని దగ్గరకు వెళ్లి, వీపు తట్టి, పసుపు కుంకుమలు చల్లి, సెల్ఫీలు దిగేవారున్నారు. కూర్మావతారమని భక్తితో చేసినా అది దానిని బాధించడమే. మొక్కుకోదలచినవారు దూరం నుంచి మొక్కుకుంటే చాలు.

3. సముద్రం వైపు వెలిగే దీపాలను ఆర్పించండి

ఇసుకలోంచి బయటపడిన పిల్లకు సముద్రం ఎటో చెప్పేది వెలుగే. మనుషులు లేని తీరంలో రాత్రిపూట నేల వైపున ఇసుక తిన్నెలు, చెట్లు చీకటిగా ఉంటే, చుక్కల వెలుగు పడిన సముద్రం వైపు ఆకాశం కాస్త వెలుతురుగా కనిపిస్తుంది. కోట్ల సంవత్సరాలుగా పిల్లలు ఆ లేత వెలుగు వైపే నడిచాయి. ఇప్పుడు మన తీరంలో ఆ వెలుగు నేల వైపున ఉంది. తీరం పొడవునా ఉన్న రొయ్యల హేచరీల దీపాలు, రొయ్యల చెరువుల గట్ల మీది బల్బులు, రిసార్టుల అలంకరణ దీపాలు, బీచి రోడ్డు మీద నిలబెట్టిన ఎత్తైన స్తంభాల ఫ్లడ్‌లైట్లు, వీటి వైపు నడిచి పిల్లలు రోడ్డెక్కుతాయి, తెల్లవారేసరికి ఎండకు మాడిపోతాయి, లేదంటే కాకులకు చిక్కుతాయి. తల్లులు కూడా వెలుగు ఉన్న చోట ఒడ్డెక్కడానికి జంకుతాయి.

ఈ ఒక్క సమస్యలో మామూలు పౌరుడి మాట త్వరగా ఫలిస్తుంది, ఎందుకంటే దీపం ఆర్పడానికి ఖర్చు లేదు, పైగా కరెంటు బిల్లు తగ్గుతుంది. మొదట ఒక రాత్రి నీటి అంచున నిలబడి, నేల వైపు చూసి మీ కంటికి నేరుగా కనిపించే దీపాలన్నిటినీ ఒక కాగితం మీద రాయండి. నీటి అంచు నుంచి కనిపించే దీపమే తాబేలుకూ కనిపిస్తుంది. ఏ దీపం పంచాయతీది, ఏది హేచరీది, ఏది గుడిది, ఏది హోటలుది అని పేరు పేరునా గుర్తించండి. తరువాత ఒక్కొక్కరినీ కలవండి. జనవరి నుంచి మే వరకు రాత్రి 7 గంటల నుంచి తెల్లవారుజామున 5 వరకు సముద్రం వైపు దీపాలు ఆర్పమని అడగండి. ఆర్పలేమని అన్న చోట మూడు మార్గాలు చూపించండి: దీపానికి సముద్రం వైపు రేకు మూత పెట్టడం, స్తంభం పై నుంచి తీసి నడుము ఎత్తుకు దించి నేల మీదికి తిప్పడం, తెల్ల ఎల్‌ఈడీకి బదులు ముదురు పసుపు లేదా ఎరుపు రంగు బల్బు పెట్టడం. తెల్ల వెలుగు, నీలి వెలుగు పిల్లలను ఎక్కువగా లాగుతాయి. ఎరుపు వెలుగు ప్రభావం తక్కువ.

హేచరీల యజమానులతో మాట్లాడేటప్పుడు వారిని దోషులుగా నిలబెట్టవద్దు. దొంగల భయంతోనే వారు దీపాలు పెట్టుకుంటారు. కాంపౌండు లోపల దీపం ఉంచుకుని, గోడ మీద సముద్రం వైపున ఉన్నదాన్ని మాత్రం తిప్పమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. వీధి దీపాల సంగతి పంచాయతీ కార్యదర్శితో మాట్లాడి, గ్రామసభలో తీర్మానంగా రాయించండి. తీర్మానం ఉంటే మరుసటి ఏడాది మళ్లీ మొదటి నుంచి బతిమాలుకోవలసిన పని ఉండదు.

4. కుక్కలు, చెత్త, బండ్లు

గూళ్లను తవ్వే వాటిలో నక్కలు, ఎండ్రకాయలు, కాకులు ఉన్నా, ఊరి దగ్గర తీరంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం కుక్కల వల్లనే. తీరంలో కుక్కలు పెరగడానికి కారణం మనం వదిలేసిన బిర్యానీ పొట్లాలు, చేపల తలకాయలు, ఆరబెట్టిన చేపల దగ్గర మిగిలిన వ్యర్థాలు. తీరానికి వెళ్లినప్పుడు తిన్నదాని మిగులును సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చుకోవడం ప్రతి కుటుంబం చేయగలిగిన పని. ఊరి కుక్కలను కొట్టి చంపడం, విషం పెట్టడం చట్టరీత్యా నేరం, పైగా నిష్ప్రయోజనం, ఎందుకంటే ఆ ఖాళీలోకి వేరే కుక్కలు వస్తాయి. జంతు సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం శస్త్రచికిత్సలు చేయించమని పంచాయతీని, పశుసంవర్ధక శాఖను లిఖితపూర్వకంగా అడగండి.

కార్లు, మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు ఇసుక మీదికి దించవద్దు, దించేవారిని ఆపండి. చక్రాల బరువుకు గూటి మీది ఇసుక గట్టిపడి పిల్లలు పైకి రాలేవు, వచ్చినా చక్రాల గాడిలో పడితే ఎటూ ఎక్కలేక ఆ గాడి వెంటే నడుచుకుంటూ పోతాయి. తీరాన్ని శుభ్రం చేసే కార్యక్రమాలు పెట్టుకున్నప్పుడు కూడా ప్లాస్టిక్కును, తెగిన వల ముక్కలను చేతితో ఏరాలి గాని యంత్రాలతో ఇసుకను గీకకూడదు. ఇసుక తిన్నెల మీద పాకే బాలబంధ తీగను, రావణాసురుడి మీసాలని పిలిచే ముళ్ల గడ్డిని పీకేసి శుభ్రం చేశామనుకోవడం కూడా తప్పే. తిన్నె కరిగిపోకుండా పట్టి ఉంచేవి అవే. సరుగుడు మొక్కలు నాటే సంస్థలు, కళాశాలల వారికి ఒక విన్నపం: మొక్కలు మంచివే, కానీ పోటు నీరు చేరే గీతకు ఆనుకుని నాటితే తాబేలు గుడ్లు పెట్టే చోటును మూసేసినట్టవుతుంది. వేళ్లు అల్లుకున్న నేలలో అది గుంట తవ్వలేదు. తీరం అంచున ఒక పట్టీని ఖాళీగా ఇసుకగానే వదలండి.

5. పిల్లలు బయటికి వచ్చినప్పుడు

పిల్లలు సాధారణంగా రాత్రి ఇసుక చల్లబడ్డాక గుంపుగా బయటికి వస్తాయి. అప్పుడు చేయవలసిన సహాయం దాదాపు ఏమీ లేదు. వాటికీ నీటికీ మధ్య నిలబడవద్దు, దీపాలు ఆర్పండి, కుక్కలను అదిలించండి, కాళ్ల కింద చూసుకోండి. చేతిలోకి తీసుకుని నీటిలో వదిలేయాలన్న తొందర చాలామందికి కలుగుతుంది. వాటిని ఇసుక మీద నడవనివ్వాలి. బకెట్టులో నీళ్లు పోసి అందులో వేసి మన ఇంట్లో పిల్లలకు చూపించడానికి తీసుకుపోవడం మరీ చెడ్డది. పొట్టలో మిగిలిన పచ్చసొనే సముద్రంలో మొదటి రోజుల ఈతకు దాని ఆహారం, బకెట్టులో ఈదుతూ ఆ శక్తిని ఖర్చు చేసుకుంటే తరువాత అలలు దాటలేదు. రోడ్డు మీద దారి తప్పినవి కనిపిస్తే మాత్రం, అడుగున తడి ఇసుక పరిచిన బుట్టలో వేసి, నీళ్లు పోయకుండా, నీడలో ఉంచి అటవీశాఖకు కబురు చేయండి. వారు చెప్పిన ప్రకారం చీకటి వేళ దీపం లేని చోట నీటికి కాస్త దూరంగా ఇసుక మీద వదలాలి.

6. వేటకు వెళ్లేవారు, వారితో మాట్లాడేవారు

గుడ్ల దశలో ఎన్ని పోయినా తట్టుకునేలా ప్రకృతి వందలకొద్దీ గుడ్లు పెట్టిస్తుంది. పెద్ద తాబేలు చనిపోతే మాత్రం ఆ నష్టం పూడదు. గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి దానికి పది పదిహేనేళ్లు పడుతుంది. ఒడ్డుకు కొట్టుకువచ్చే కళేబరాల్లో ఎక్కువ ఈ పెద్దవే. అందువల్ల ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. విశ్రాంతిగా ఉన్నప్పుడు చాలాసేపు నీటి అడుగున ఉండగలదు, కానీ వలలో చిక్కి గింజుకునేటప్పుడు దాని ఊపిరి త్వరగా అయిపోతుంది. ట్రాలు వలను గంటల తరబడి అడుగున ఈడ్చే మరబోట్లలో అందుకే ఎక్కువగా చస్తాయి. ఈ వలలకు బిగించే టెడ్ అనే పరికరం ఉంది. వల గొట్టంలో ఏటవాలుగా నిలబెట్టిన లోహపు కడ్డీల చట్రం అది. రొయ్యలు, చిన్న చేపలు కడ్డీల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి, అక్కడ వదిలిన తెరుపులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగినట్టు ఒక నమూనాను తయారు చేసింది. చేపలు పోతాయేమోనన్న భయంతో చాలామంది దీనిని బిగించరు. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, మత్స్యశాఖ వారిని పిలిపించి ఒక బోటులో వల వేయించి, తీసి, అందరి ముందు తూకం వేయించమని మీ ఊరి మత్స్యకార సహకార సంఘం చేత అడిగించండి. కళ్లారా చూసిన తూకానికి ఉన్న విలువ ఉపన్యాసానికి ఉండదు. తాబేళ్ల రక్షణకు తగిన ఏర్పాట్లు లేవన్న కారణంతోనే సముద్రంలో పట్టిన మన దేశపు రొయ్యలను 2019 నుంచి అమెరికా కొనడం మానేసింది. రొయ్యల మీద బతికే జిల్లాలో ఈ మాట వ్యాపారులతో చెప్పదగినది.

ఇంకొక విషయం. మన రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ వేటకే కేటాయింపు, మరబోట్లు ఆ గీత దాటి లోపలికి రాకూడదు. గుడ్లు పెట్టే కాలంలో తాబేళ్లు ఎక్కువగా తిరిగేది ఆ లోపలి నీళ్లలోనే. బయటి నుంచి వచ్చే సోనా బోట్లనే పెద్ద మరబోట్ల మీద మన పాలేల (మత్స్యకార పల్లెల) వారికి ఉన్న కోపానికీ, తాబేళ్ల రక్షణకూ ఇక్కడ దారి ఒకటే అవుతుంది. బోటు లోపలికి వచ్చి వల ఈడుస్తుంటే దాని నంబరు, రంగు, సమయం, దూరం నుంచి తీసిన వీడియో మెరైన్ పోలీసులకు, మత్స్యశాఖకు పంపండి. నడిసముద్రంలో ఎదురు వెళ్లి గొడవ పడవద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉన్నా, అది మొదలయ్యేసరికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు అయిపోతుంది కనుక నిషేధం ఒక్కటే తాబేళ్లను కాపాడదు. జనవరి నుంచి మార్చి వరకు తాబేళ్లు తిరిగే చోట వల వేసే సమయం తగ్గించాలని, వలను త్వరత్వరగా పైకి తీయాలని పాలెం కాపులు (పల్లె పెద్దలు) కూర్చుని దురాయి (ఊరి కట్టుబాటు) వేస్తే, ఆ మాటను వేటకు వెళ్లేవారు చట్టం కన్నా ఎక్కువగా పాటిస్తారు. ఊళ్లో చదువుకున్నవారు ముందుగా కలవవలసింది ఆ కాపులనే.

వలలో తాబేలు బతికి వస్తే రెక్కలు పట్టి లాగవద్దు. చిప్పను మెడ వెనకా, తోక పైనా పట్టుకుని ఇద్దరు ఎత్తాలి. వల చుట్టుకుని ఉంటే తాబేలుకు తగలకుండా కత్తెరతో వలను కోయాలి. ఆ వల ముక్కను నీటిలో పారేయకుండా ఒడ్డుకు తేవాలి. తాబేలు చురుకుగా ఉంటే ఇంజను న్యూట్రలులో పెట్టి, ప్రొపెల్లరుకు దూరంగా, వల వేయని వైపు, తల ముందుగా నెమ్మదిగా నీటిలోకి జార్చాలి.

కదలకుండా ఉన్నదాన్ని చచ్చిపోయిందని వెంటనే విసిరేయవద్దు. నీళ్లు మింగి స్పృహ తప్పి ఉండవచ్చు. కంటి రెప్ప దగ్గర గాని, తోకను గాని వేలితో మెల్లగా తాకి చూడండి, చిన్న కదలిక ఉన్నా బతికే అవకాశం ఉంది, కదలిక లేకపోయినా ప్రయత్నించాలి. దానిని బొడ్డు చిప్ప కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనక భాగం కింద టైరు ముక్కో, మడిచిన వలో పెట్టి జానెడు ఎత్తు లేపాలి. ఊపిరితిత్తుల్లోని నీరు నోటి గుండా కారుతుంది. వెల్లకిలా తిప్పవద్దు, బొడ్డు చిప్ప మీద నొక్కవద్దు, నోటిలో నీళ్లు పోయవద్దు. నీడలో ఉంచి తడి గోనె కప్పాలి, ముక్కు రంధ్రాలు మాత్రం తెరిచి ఉండాలి. తేరుకోవడానికి నాలుగు గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలూ పట్టవచ్చు. మధ్యమధ్య తాకి చూస్తూ ఉండాలి. తల ఎత్తి, గట్టిగా ఊపిరి వదిలి, రెక్కలు ఆడించడం మొదలుపెట్టాకనే సముద్రంలో వదలాలి. స్పృహ లేకుండా నీటిలో వేస్తే అది మునిగి చస్తుంది.

గాయపడి ఒడ్డుకు వచ్చిన పెద్ద తాబేలును కూడా జాలితో తిరిగి నీటిలోకి తోయకూడదు. ఈదే శక్తి లేకనే అది ఒడ్డుకు వచ్చింది. నీడ చేసి, తడి గుడ్డ కప్పి, జనాన్ని దూరంగా ఉంచి అటవీశాఖకు, పశువైద్యుడికి కబురు చేయండి. ఎవరూ దొరకకపోతే 112కు ఫోను చేసి అటవీశాఖకు సమాచారం చేరవేయమని అడగండి.

7. చచ్చిపోయినవాటిని లెక్కలోకి తీసుకురండి

కళేబరాన్ని చూసి ముక్కు మూసుకుని వెళ్లిపోతే ఆ మరణం జరగనట్టే అవుతుంది. మూడు ఫొటోలు తీయండి: పై నుంచి మొత్తం చిప్ప, తల దగ్గరి నుంచి, చుట్టూ ఉన్న చోటు తెలిసేలా ఒకటి. పక్కన చెప్పు గాని, స్కేలు గాని పెడితే పరిమాణం తెలుస్తుంది. గాయాలు, వల తాళ్లు, తెగిన రెక్కలు ఉన్నాయేమో చూడండి. పైకి గాయం లేకుండా మెడ ఉబ్బి, కళ్లు బయటికి పొడుచుకు వచ్చి ఉంటే సాధారణంగా వలలో ఊపిరాడక చనిపోయినట్టు అనుమానించాలి. ముందు రెక్కలకు లోహపు బిళ్ల ఉంటే దాని మీది అంకెలు తప్పకుండా రాసుకోండి. పరిశోధకులు ఒడిశా వంటి చోట్ల కట్టిన బిళ్లలు అవి, ఆ తాబేలు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చెప్పేవి. కళేబరాన్ని ముట్టుకోవద్దు, పూడ్చవద్దు, చిప్పను ఇంటికి తీసుకుపోవద్దు. అధికారులు వచ్చి రాసుకుని, అవసరమైతే శవపరీక్ష చేయించి పూడుస్తారు.

8. చట్టాన్ని వాడుకోండి

వన్యప్రాణి చట్టంలో వేట అన్న మాటకు చంపడమే కాక, సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా అర్థం. తాబేలును గాని, దాని గుడ్లను గాని పట్టినా, అమ్మినా, కొన్నా, 2022 సవరణ తరువాత మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. తాబేలు మాంసం, గుడ్లు, చిప్ప అమ్ముతున్నట్టు తెలిస్తే నేరుగా తగవుకు దిగకుండా రేంజి అధికారికి చెప్పి, మీ పేరు బయటికి రాకూడదని కోరండి. చెప్పినా ఎవరూ కదలకపోతే ఆ చట్టం 55వ సెక్షను ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి సాధారణ పౌరుడే కోర్టుకు వెళ్లవచ్చు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలు, ఇసుక తిన్నెలు తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల్లో అత్యధిక రక్షణ ఉన్న తరగతిలో ఉంటాయి. అక్కడ ఇసుక తవ్వినా, గోడ కట్టినా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, రశీదు తీసుకోండి. సీజనులో ఎన్ని కళేబరాలు నమోదయ్యాయి, జిల్లాలో ఎన్ని ట్రాలు బోట్లకు టెడ్ బిగించారు అన్న ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద అటవీశాఖకు, మత్స్యశాఖకు పంపితే 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.

9. ఊరి పుస్తకం

ప్రతి గ్రామ పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెబుతోంది. చాలా ఊళ్లలో అది కాగితం మీదే ఉంటుంది. మీ ఊళ్లో ఆ కమిటీలో ఎవరున్నారో కనుక్కుని, తాబేళ్ల నమోదుకు ఒక పుస్తకం తెరిపించండి. తేదీ, చోటు, జాడా గూడా పిల్లలా కళేబరమా, ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు, వారు ఎప్పుడు వచ్చారు అన్న ఆరు గడులు చాలు. ఉన్నత పాఠశాల పిల్లలను టీచరు వెంట సెలవు రోజు ఉదయం తీరం నడకకు తీసుకెళ్లి, ఆ పుస్తకం వారి చేతికే ఇవ్వండి. పాలేల్లోని పిల్లలకు జాడలు గుర్తుపట్టడం మనం నేర్పవలసిన పని ఉండదు. ఊళ్లో లేనివారు, నెల్లూరులోనో ఒంగోలులోనో ఉద్యోగం చేసేవారు, రాత్రి కాపలా తిరిగే పాలెం యువకులకు ఎరుపు వెలుగు టార్చీలు, రెయిన్‌కోట్లు, ఫోను రీచార్జి ఖర్చు ఇస్తే అది నేరుగా పనికివస్తుంది.

జూన్‌లో వేట నిషేధం ముగిసేలోపు ఆ పుస్తకం నకలును అటవీ రేంజి కార్యాలయంలోనూ, మత్స్యశాఖ కార్యాలయంలోనూ ఇచ్చి, రెండు చోట్లా ముద్ర వేయించుకోండి. ఏ మైలు మీద ఎక్కువ కళేబరాలు వచ్చాయో, ఏ దీపం దగ్గర పిల్లలు దారి తప్పాయో ఆ లెక్కలో తెలుస్తుంది. నవంబరులో కాపులను, హేచరీ యజమానులను, పంచాయతీ కార్యదర్శిని మళ్లీ కలిసేటప్పుడు ఆ పేజీలనే వారి ముందు పెట్టి మాట్లాడండి.